ప్రసన్నకు, గోడ మీది నల్లమచ్చల గురించి

టంగుటూరు,
కార్తీక మాసం, గురువారం.

చి.ల.సౌ. ప్రసన్నకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు పంపిన ఫోటోలను మీ నాన్న ఫోనులో పెద్దవి చేసి చూశాం. బీరువా వెనక గోడ మీద అరచేతులంత నల్లమచ్చలు, స్నానాల గది గుమ్మం పక్కన పెచ్చులు లేచిన రంగు, బాబు పడుకునే మంచం దగ్గర గోడ అడుగున తెల్లటి పొడి. నువ్వు అడిగింది ఒక్కటే: "అమ్మా, ఇది ఆ బ్లాక్ ఫంగసేనా?" ఫోనులో చెబితే సగం నీకు గుర్తుండదు, మిగతా సగం అల్లుడు గారి దగ్గరికి మరోలా చేరుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

కాదు తల్లీ. ముందు ఆ భయం తీసెయ్యి. 2021 వేసవిలో, కరోనా రెండో విడతలో అందరినీ వణికించిన ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. దాన్ని తెచ్చేవి రైజోపస్, మ్యూకర్ వంటి శిలీంధ్రాలు. తడిసిన రొట్టె మీద, కుళ్లిన పండు మీద, ఎరువు దిబ్బలో తెల్లగా, బూడిదరంగుగా దూదిలా పెరుగుతాయి. జబ్బు పేరులోని నలుపు వాటి రంగు కాదు. ఒంట్లోకి చేరినప్పుడు రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి రక్తం అందకుండా చేస్తాయి. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. రోగి ముక్కులో, అంగిట్లో కనిపించిన నలుపు అది. అదుపు తప్పిన మధుమేహం, దానికి తోడు స్టెరాయిడ్లు పడినవాళ్ల మీదే అది ఎక్కువగా విరుచుకుపడింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆ ఏడాది మే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం దాని వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. మీ గోడ మీది నలుపు వేరే జాతుల పని. అది చేసే కీడు కూడా వేరు.

అయితే "ఆ జబ్బు కాదు కదా" అని నిశ్చింతగా ఉండడానికి మాత్రం వీల్లేదు. వానలు మొదలైనప్పటి నుంచి బాబు అర్ధరాత్రి దగ్గుతూ లేస్తున్నాడని, ఎదలో పిల్లికూతలు వినిపిస్తున్నాయని నువ్వే చెప్పావు. దీపావళికి ఇక్కడికి వచ్చినన్నాళ్లూ వాడు ఒక్కసారి కూడా అలా లేవలేదు. నెల్లూరు వెళ్లిన మర్నాటికే మళ్లీ మొదలైంది. ఊరు మారితే తగ్గి, ఇల్లు చేరగానే తిరగబెట్టే దగ్గు ఆ ఇంటి గాలి మీద అనుమానపడమని చెబుతోంది. నాతో ఈ ఉత్తరం రాయించింది ఆ మచ్చల కంటే ఈ తేడానే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ గురించి, బూజు గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది. చెమ్మ ఇళ్లలో ఉండేవారిలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయన్నది అందులోని ముఖ్యాంశం. ఇంతవరకు బూజు ఉంటే ఫరవాలేదు అనే హద్దు ఏదీ అందులో పెట్టలేదు. అసలు చెమ్మే లేకుండా చూసుకోమన్నారు. చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దీనికి ముందుగా గురవుతారు. మీ ఇంట్లో వీళ్లలో ఇద్దరున్నారు. బాబు ఒకడు, మీ మామగారు ఒకరు. మామగారి సంగతి తరవాత రాస్తాను.

బూజు ఎలా బతుకుతుందో తెలిస్తే ఏం చేయాలో నీకే తోస్తుంది. దాని సిద్ధబీజాలు, అంటే కంటికి కనిపించని విత్తనాల్లాంటివి, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మీ ఇంట్లోనూ ఉన్నాయి, మా ఇంట్లోనూ ఉన్నాయి, ఎంత శుభ్రమైన ఆసుపత్రిలోనైనా కొన్ని ఉంటాయి. వాటిని బయటే ఆపడం ఎవరి వల్లా కాదు. మొలవడానికి వాటికి కావలసింది కాస్త వెచ్చదనం, కాస్త ఆహారం, నీరు. నెల్లూరులో వెచ్చదనానికి ఏడాది పొడుగునా కొదవలేదు. ఆహారం అంటే చెక్క, కాగితం, బట్ట, తోలు, రంగు, చివరికి గోడకు అంటుకున్న దుమ్ము కూడా. ఈ రెండింటినీ మనం తప్పించలేం. మన చేతిలో ఉన్నది నీరు ఒక్కటే. తడిసిన వస్తువు ఇరవైనాలుగు నుంచి నలభైయెనిమిది గంటల్లో పూర్తిగా ఆరిపోతే చాలావరకు బూజు పట్టదు. ఆ గడువు దాటితే మాత్రం మొలకెత్తి, తంతువులు అల్లుకుని, మళ్లీ లక్షల బీజాలు గాలిలోకి వదులుతుంది.

ఇక జాతుల సంగతి. ఫోటో చూసి ఇది ఫలానా జాతి అని ఎవరైనా చెబితే నమ్మకు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తప్ప తేలదు. అది తేల్చడానికి ప్రయోగశాలకు పంపి డబ్బు ఖర్చు చేయాల్సిన పని కూడా లేదు. ఏ జాతైనా గోడకు చేయాల్సిన చికిత్స ఒక్కటే. అయినా ఏది ఎక్కడ పెరుగుతుందో తెలిసి ఉంటే మంచిది.

బీరువా వెనక ముదురు ఆకుపచ్చగా, నల్లగా చుక్కలు చుక్కలుగా ఉన్నది క్లాడోస్పోరియం కావచ్చు. మన చుట్టూ గాలిలో చాలా ఎక్కువగా ఉండే శిలీంధ్రాల్లో అదొకటి. రంగు వేసిన గోడ, చెక్క, పరదాలు, కిటికీ చట్రాలు దానికి ఇష్టం. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం, దాని వల్ల వచ్చే బాధలు ఇవి. స్నానాల గదిలో, తొట్టి కింద, కిటికీ అంచుల్లో పెరిగే ఆల్టర్నేరియా కూడా ఇలాగే నల్లగా ఉంటుంది. ఉబ్బసాన్ని రెచ్చగొట్టడంలో దానికి చెడ్డపేరు ఉంది. పలకల సందుల్లో గులాబీ రంగు జిగురు కనిపిస్తుందన్నావే, అది చాలావరకు బూజు కాదు, బాక్టీరియా. సబ్బు నీళ్లతో రుద్ది ఆరబెడితే సరిపోతుంది.

అటక మీది తోలు సంచికి, పాత పుస్తకాలకు, అల్లుడు గారి బూట్లకు బూడిద ఆకుపచ్చగా పట్టినవి పెనిసిలియం, ఆస్పర్జిల్లస్ జాతులై ఉంటాయి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో పెనిసిలిన్‌ను బయటపెట్టింది పెనిసిలియంలోని ఒక జాతే. అందుకని ఇంట్లో పెరిగే పెనిసిలియం మందు అనుకోకూడదు. పీలిస్తే అలర్జీ తెస్తుంది. ఆస్పర్జిల్లస్ అన్నది పెద్ద కుటుంబం. నల్లటి నైగర్, పసుపుపచ్చటి ఫ్లేవస్, బూడిద ఆకుపచ్చటి ఫ్యూమిగేటస్ మన ఇళ్లలో తరచుగా కనిపించేవి. ఫ్యూమిగేటస్ బీజం రెండు మూడు మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆల్టర్నేరియా బీజం దానికి పది రెట్లు పెద్దది కాబట్టి చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. ఫ్యూమిగేటస్‌ది మాత్రం ఊపిరితిత్తుల అడుగు దాకా దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లో రక్షక కణాలు దాన్ని అక్కడే మింగేస్తాయి. మీకు రోజూ అదే జరుగుతూ ఉంటుంది, మీకు తెలియదు.

మీ మామగారి విషయం ఇక్కడే వస్తుంది. ఆయనకు వెనకటి రోజుల్లో క్షయ వచ్చి నయమైంది కదా. క్షయ తగ్గినా ఊపిరితిత్తుల్లో కొందరికి గుంటలు మిగిలిపోతాయి. ఆ గుంటల్లో ఆస్పర్జిల్లస్ చేరి ఉండలా పెరగవచ్చు. దగ్గులో రక్తం పడడం దాని గుర్తు. ఆయనకు అలా అయిందని కాదు, అవుతుందనీ కాదు. కానీ ఆ గోడ శుభ్రం చేసే రోజు ఆయన ఇంట్లో ఉండకూడదు. "నేనూ ఒక చెయ్యి వేస్తానమ్మా" అని చీపురు పట్టుకునే మనిషి ఆయన. మర్యాదగా చెప్పి ఆ పూట మూలస్థానేశ్వరుడి గుడికో, మీ ఆడపడుచు ఇంటికో పంపించు. ఎప్పుడైనా దగ్గులో రక్తపు జీర కనిపిస్తే ఆ రోజే ఊపిరితిత్తుల వైద్యుడికి చూపించండి, పాత జబ్బు సంగతి తప్పక చెప్పండి. ఉబ్బసం ఉన్న కొందరికి ఈ ఆస్పర్జిల్లస్ వల్లే మామూలు మందులకు లొంగని అలర్జీ జబ్బు ఊపిరితిత్తుల్లో వస్తుంది. దానికి రక్తపరీక్షలు ఉన్నాయి. బాబుకు పిల్లికూతలు తగ్గకపోతే ఇంట్లో బూజు ఉందన్న మాట పిల్లల వైద్యుడికి నువ్వే చెప్పాలి. ఆయన మీ గోడలు చూడలేదు కదా.

నీ స్నేహితురాలు భయపెట్టిన ఆ "విషపు నల్లబూజు" గురించి కూడా రాస్తాను. దాని పేరు స్టాకీబోట్రిస్ చార్టారమ్. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో 1993, 1994 సంవత్సరాల్లో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. వాళ్ల ఇళ్లలో ఈ బూజు కనిపించడంతో దానివల్లే అన్న వార్త ప్రపంచమంతా పాకింది. తరవాత అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ పరిశోధనను మళ్లీ పరిశీలించి, ఆ సంబంధం రుజువు కాలేదని 2000లో ప్రకటించింది. వార్త పాకినంత దూరం ఆ దిద్దుబాటు పాకలేదు. స్టాకీబోట్రిస్ విషపదార్థాలు తయారుచేసే మాట నిజమే. కానీ దానికి కాగితం, అట్ట వంటివి రోజుల తరబడి నానుతూ ఉండాలి. ఇటుక, సిమెంటు, సున్నం గోడ మీద అది అంత తేలికగా పట్టదు. మీ మూలాపేట ఇల్లు పాతకాలపు సున్నం గోడల ఇల్లు. నువ్వు చూసుకోవలసింది హాలులో కొత్తగా వేసిన సీలింగ్. అది జిప్సం పలకలదైతే వాటికి రెండు వైపులా కాగితం అట్ట ఉంటుంది. పై మిద్దె కారి ఆ పలక నానితే దానికి కావలసిన తిండి దొరికినట్లే. దీపాలు బిగించిన రంధ్రంలోంచి పైకి చూడమని అల్లుడు గారితో చెప్పు, మెయిన్ స్విచ్ ఆపిన తరవాతే. పలక మీద గోధుమరంగు వలయం ఉన్నా, వేలితో నొక్కితే మెత్తగా దిగినా ఆ పలక తీసి పారేయాల్సిందే, ఆరబెట్టి లాభం లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, గోడను చదవడం. నెల్లూరు వానలు మనకు ఎప్పుడొస్తాయో నీకు చెప్పనక్కరలేదు. తెలంగాణ, గోదావరి జిల్లాలు నైరుతిలో తడిసి ఆరిపోయే వేళకు మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం వెనక మరొకటి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి కోసుకుపోయింది. అంత వరద రాకపోయినా నాలుగు రోజులు ముసురు పడితే పాత గోడలు నీళ్లు తాగుతాయి. అయితే నీరు మూడు దారుల్లో వస్తుంది, మచ్చ ఉన్న చోటును బట్టి ఏ దారో పోల్చుకోవచ్చు.

మచ్చ గోడ పైమూలన, కప్పు దగ్గర మొదలై వాన పడినప్పుడల్లా పెద్దదైతే నీరు మిద్దె మీంచి దిగుతోంది. పిట్టగోడ పగులో, నీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడుకుపోవడమో కారణం. మోకాలి ఎత్తు దాకా గోడ పొడుగునా ఉండి, తెల్లటి పొడి రాలుతుంటే నేలలోంచి చెమ్మ పైకి లేస్తోంది. వానతో, ఎండతో సంబంధం లేకుండా, గోడ నడిమిన ఒకే చోట ఎప్పుడూ తడిగా ఉంటే గోడలోని పైపు కారుతోంది.

నీ ఫోటోల్లో రెండు కనిపిస్తున్నాయి. మంచం దగ్గరి తెల్లటి పొడి బూజు కాదని నా నమ్మకం. అది గోడలోంచి నీటితో పాటు పైకి వచ్చి, నీరు ఆరాక మిగిలిన ఉప్పు. రెండు చుక్కల నీళ్లు వేసి చూడు. కరిగిపోతే ఉప్పు, కరగకుండా ముద్దగా అంటుకుంటే బూజు. ఉప్పు పీల్చినా ఏమీ కాదు, కానీ ఆ గోడ లోపల నీరు ఉందని అది సాక్ష్యం చెబుతోంది. ఇక బీరువా వెనక మచ్చలున్న గోడకు అవతలి వైపు స్నానాల గది కుళాయిలు ఉన్నాయి. అక్కడ నాకు పైపు మీదే అనుమానం. ఈ రాత్రి ఒక పని చేయండి. పడుకునే ముందు మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టి, అన్ని కుళాయిలూ కట్టేసి, పొద్దున్నే ఎవరూ నీళ్లు వాడక ముందు చూడండి. మట్టం దిగితే నీరు ఎక్కడో గోడలోకి పోతున్నట్లే.

ఇంటి యజమాని గారు "మామూలు చెమ్మే, సంక్రాంతికి రంగు వేయిస్తాను" అన్నారని రాశావు. ఆయన చెడ్డవారు కారు, అద్దె దగ్గర ఏనాడూ పేచీ పెట్టలేదు. కానీ ఈ మాట ఒప్పుకోవద్దు. తడి గోడ మీద రంగు వేస్తే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల బూజు పెరుగుతూనే ఉంటుంది, నాలుగు నెలల్లో రంగు పొక్కి ఊడుతుంది. మన పాత ఇళ్లకు ఏటా సంక్రాంతికి సున్నం వేసేవాళ్లు. తాజా సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి బూజు దాని మీద తొందరగా పట్టదు, పైగా గోడలోని చెమ్మ దాని గుండా బయటికి ఆరిపోతుంది. ఇప్పుడు అదే గోడకు నిగనిగలాడే ప్లాస్టిక్ రంగు వేసి, చెమ్మ ఎందుకు పట్టిందని అడుగుతున్నాం.

ఆయనకు ఒక సంగతి చెప్పు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ అనే ఊళ్లో రెండేళ్ల పిల్లవాడు 2020 డిసెంబరులో ఊపిరి సమస్యతో చనిపోయాడు. ఇంట్లో బూజు ఉందని తండ్రి 2017 నుంచి చెబుతూ వచ్చాడు. పైన రంగు వేసుకోమని ఇంటి సంస్థ వాళ్లు జవాబిచ్చారు. ఆ బూజును ఎక్కువ కాలం పీల్చడమే మరణానికి కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. బూజు ఫిర్యాదులను గడువులోగా పట్టించుకోవాలని ఆ పిల్లవాడి పేరుతోనే 2023లో అక్కడ చట్టం వచ్చింది. ఇది రాస్తుంటే నా చెయ్యి వణికింది. నిన్ను భయపెట్టాలని రాయలేదు. బాబుకు ఇప్పుడున్నది వైద్యుడి మాట వింటే తగ్గే స్థితే. కానీ "రంగు వేస్తే పోతుంది" అన్న మాట ఎంత తేలికైనదో, ఎంత బరువైనదో యజమాని గారికి తెలియాలి. ముందు పైపు బాగుచేయించమను. గోడ పెచ్చు కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరవాత పూత పూయించమను. ఖర్చులో కొంత మనం పెట్టుకోవాల్సి వచ్చినా పెట్టుకుందాం, మీ నాన్నతో మాట్లాడాను.

మీ నాన్న పొగాకు మండె (ఆకు కుప్ప) వేసినప్పుడు రోజూ చెయ్యి లోపలికి దూర్చి చూడడం నీకు తెలుసు. పైన ఆకు బంగారంలా ఉన్నా లోపల వేడి తగిలితే పదును (తేమ) ఎక్కువైందని, ఆ క్షణమే మండె విప్పి తిరగేస్తారు. ఒక్కరోజు ఆలస్యమైతే బూజు పట్టి, వేలంలో ఆ బేలు వంక ఎవరూ చూడరు. నీ గోడకు ఆ చెయ్యి పెట్టే పని నువ్వే చేయాలి. బీరువాను గోడకు జానెడు దూరం జరుపు. వారానికోసారి వెనక చెయ్యి పెట్టి చల్లగా, తడిగా తగులుతోందేమో చూడు.

శుభ్రం చేసే విధానం జాగ్రత్తగా చదువు. మచ్చలన్నీ కలిపి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మించకపోతే మీరే చేసుకోవచ్చు. అంతకు మించితే పని తెలిసిన మనిషిని పెట్టుకోవాలి. పొడిగా ఉన్న బూజును చీపురుతో గాని, బ్రష్‌తో గాని ఎట్టి పరిస్థితిలోనూ దులపకు. గోడ మీద ఉన్నదంతా గాలిలోకి లేచి మీ ముక్కులోకే వస్తుంది. ఫ్యాను ఆపి, ఆ గది తలుపు మూసి, కిటికీ తెరిచి, ఎన్95 మాస్కు, రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి రుద్దండి. ఆ గుడ్డలు ఉతికి మళ్లీ వాడవద్దు, సంచిలో మూటకట్టి పారేయండి. బూజును చంపితే చాలదు, గోడ మీంచి తీసేయాలి. చచ్చిన బీజాలు కూడా అలర్జీ తెస్తాయి. పని అయ్యాక గోడకు ఎదురుగా ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. ఈ పని అల్లుడు గారు చేయాలి. నువ్వూ బాబూ ఆ పూట బయట ఉండండి.

ఒక్క మాట మాత్రం రెండుసార్లు చదువు. బ్లీచింగ్ పౌడరు, బాత్రూము కడిగే యాసిడ్, ఈ రెండూ ఒకేచోట కలవకూడదు. ఒకదాని తరవాత ఒకటి వెంటనే వాడకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. "రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది" అని పనిమనిషి అన్నా, ఇరుగుపొరుగు అన్నా వినవద్దు. గోడకు సబ్బు నీళ్లే చాలు.

బాబు పరుపుకు అడుగున మచ్చలు ఉంటే ఉంచుకోకు. దూది పరుపు లోపలికి పట్టిన బూజు ఎండలో వేసినా పూర్తిగా పోదు. దిండు కూడా కొత్తది తీసుకో, డబ్బు చూసుకోకు. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే పనికొస్తాయి.

ముసురు రోజుల్లో తడిబట్టలు పడకగదిలో తాళ్ల మీద ఆరేస్తున్నావు. ఆ బట్టల్లోని నీళ్లన్నీ గది గాలిలోకే పోతాయి. వరండాలో ఆరేసి ఫ్యాను పెట్టు, పడకగదిలో మాత్రం వద్దు. స్నానం అయ్యాక ఆవిరి పోయేదాకా ఎగ్జాస్ట్ ఫ్యాను నడపండి. కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచాలన్న మాట మన ఊళ్లకు సగమే వర్తిస్తుంది. ఎండ కాసే రోజున బార్లా తెరువు, ముసురు రోజున బయటి గాలే తడిగా ఉంటుంది కాబట్టి మూసి ఉంచు. గాలిలో తేమ శాతం చూపించే చిన్న పరికరాలు దొరుకుతున్నాయి, ఒకటి కొని బాబు గదిలో పెట్టు. 60 శాతం లోపు ఉండేలా చూడాలి. అది దాటిన రోజున ఏసీని తేమ తీసే పద్ధతిలో కాసేపు నడుపు. ఏసీ జాలీలు నెలకోసారైనా కడిగి ఆరబెట్టి బిగించాలి. ఏసీ వేయగానే మట్టి వాసన వస్తోందంటే దాని లోపలే బూజు ఉందని అర్థం.

వంటింటి సంగతి చెప్పకుండా ఉత్తరం ముగించలేను, ఎందుకంటే గోడ మీది బూజుకు భయపడేవాళ్లు డబ్బాలోని బూజును మర్చిపోతారు. వేరుశనగ పప్పు, ఎండుమిర్చి, ఎండుకొబ్బరి, మొక్కజొన్నల మీద పసుపుపచ్చగా పట్టే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అఫ్లటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది. 1974లో మన దేశంలోనే గుజరాత్, రాజస్థాన్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. కాబట్టి బూజు పట్టిన గింజలు ఏరేసి మిగతావి పచ్చడికి వాడే అలవాటు మానెయ్యి. రంగు మారినవి, ముడుచుకుపోయినవి, నమిలితే చేదుగా ఉన్నవి చెత్తలోకే. "పారేయడమెందుకు, గేదెకు పెడదాం" అని కూడా అనుకోవద్దు. ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది పిల్లలే. మేం పంపిన వేరుశనగలు ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పోసి ఉంచు.

ఈ రాత్రి నుంచే చేయాల్సింది ఒకటుంది, దానికి యజమాని గారి అనుమతి అక్కరలేదు. బాబు మంచం ఆ గదిలోంచి తీసి హాలులో వేయండి. గోడ ఆరి, పూత అయ్యేదాకా వాడు ఆ గదిలో పడుకోకూడదు. వైద్యుడు ఇచ్చిన పీల్చే మందును, దగ్గు తగ్గిందని మధ్యలో ఆపకు. పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుకుపోతూ ఊపిరి తీసినా, పెదవులు నీలంగా మారినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా చూడకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మీ నాన్న ఆదివారం ఒంగోలులో పినాకిని రైలు ఎక్కి వస్తారు. మన ఊరి తాపీ మేస్త్రీని కూడా వెంట తీసుకువస్తానన్నారు. పైపు ఎక్కడ కారుతోందో అతను గోడ తట్టి చెప్పగలడు. ఆ పూట యజమాని గారిని కూడా ఇంటికి రమ్మని ముందే చెప్పి ఉంచు, మాట అందరి ఎదుటా జరిగితే మంచిది. ట్యాంకు నీటి మట్టం సంగతి రేపు పొద్దున్నే ఫోను చేసి చెప్పు. మామగారికి, అల్లుడు గారికి మా నమస్కారాలు. బాబుకు ముద్దులు.

ఉంటాను,
అమ్మ